‘ది బేర్’ మూడో సీజన్ దగ్గర ఆగిపోయారా? ముందుకెళ్లడానికి నాలుగు దారులు

“అన్నయ్యా, ఇందులో ఇంకేం జరగదా? రెండు ఎపిసోడ్లు చూశాను, కథ ఉన్నచోటే ఉంది. చూడమంటావా, మానేయమంటావా?”

పోయిన నెల ఒక రాత్రి పదకొండు దాటాక మా చెల్లి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. ‘ది బేర్’ అనే అమెరికన్ సిరీస్ మొదటి రెండు సీజన్లు వారం తిరక్కుండానే చూసేసింది. అందులో కొట్టులో పనిచేసే రిచీ ఫోర్కులు తుడిచే ఎపిసోడ్ చూసి, మర్నాడు ఆఫీసులో కనబడినవాళ్లందరికీ ఆ కథే చెప్పిందట. అంత ఇష్టపడిన మనిషి మూడో సీజన్ రెండో ఎపిసోడ్ సగంలో టీవీ కట్టేసింది. నా స్నేహితుల్లో కూడా చాలామంది దాదాపు అక్కడే ఆగారు. కొందరు మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆపారు. ఫోన్‌లో నేను చెప్పిన జవాబు నాకే సరిగ్గా అనిపించలేదు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఇంకా మొదలుపెట్టనివాళ్ల కోసం రెండు ముక్కలు. షికాగోలో ఒక పాత బీఫ్ శాండ్‌విచ్ కొట్టు. దాన్ని నడిపే మైకీ ఆత్మహత్య చేసుకుంటాడు. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంట్లలో పనిచేసిన తమ్ముడు కార్మీ ఆ కొట్టు బాధ్యత మీద వేసుకుని ఊరికి తిరిగొస్తాడు. అప్పులు, మాట వినని పనివాళ్లు, చనిపోయిన అన్న జ్ఞాపకాలు, వీటి మధ్య ఆ కొట్టును మంచి రెస్టారెంట్‌గా మార్చాలన్న పట్టుదల. ఇదీ కథ. క్రిస్టఫర్ స్టోరర్ సృష్టించిన ఈ సిరీస్ 2022 జూన్‌లో మొదలైంది. ఏటా జూన్‌లో ఒకటి చొప్పున 2025 దాకా నాలుగు సీజన్లు వచ్చాయి. అయిదో సీజన్ కూడా ఖరారు చేశారు. మన దగ్గర జియోహాట్‌స్టార్‌లో చూడొచ్చు.

మొదటి రెండు సీజన్ల గురించి పెద్దగా వాదనలు లేవు. అమెరికాలో టీవీ సిరీస్‌లకు ఇచ్చే ఎమ్మీ అవార్డుల్లో మొదటిదానికి 10, రెండోదానికి 11 వచ్చాయి. ఒకే ఏడాదిలో 11 అవార్డులు అప్పటిదాకా ఏ కామెడీ సిరీస్‌కూ రాలేదు. మూడో సీజన్‌కు 13 నామినేషన్లు వచ్చినా ఒక్క అవార్డూ రాలేదు. చూసినవాళ్లు కూడా రెండుగా చీలిపోయారు. “ఇంత అందంగా తీసిన సీజన్ ఇంకోటి లేదు” అని ఒకవైపు, “పది ఎపిసోడ్లలో ఒక్క అడుగు ముందుకు పడలేదు” అని ఇంకోవైపు. నాలుగోది వచ్చాక “మళ్లీ దారిలో పడింది” అన్నవాళ్లు కొందరు, “అందరూ అందరికీ సారీ చెప్పుకోవడంతోనే సరిపోయింది” అన్నవాళ్లు కొందరు.

మొదటి రెండు సీజన్ల కథ దాచకుండా మాట్లాడతాను. మూడు, నాలుగు సీజన్ల ముగింపులు మాత్రం చెప్పను.

## ముందు, మీరు దేనికోసం వచ్చారు?

ఈ సిరీస్ గురించి ఇద్దరు గొడవపడుతుంటే కాసేపు వినండి. ఇద్దరూ వేర్వేరు సిరీస్‌లు చూసినట్టు మాట్లాడతారు. ఒకరు వంటగది కోసం వచ్చారు, ఒకరు ఆ కుటుంబం కోసం వచ్చారు, ఇంకొకరు “రెస్టారెంట్ నిలబడుతుందా లేదా” అన్న కథ కోసం వచ్చారు. మొదటి రెండు సీజన్లలో ఈ మూడూ కలిసే నడిచాయి కాబట్టి తేడా తెలియలేదు. మూడోదాంట్లో విడిపోయాయి. అందుకే ఎంచుకునే ముందు ఈ మూడిటితో పాటు మీ టైమ్, మనసు కూడా, మొత్తం నాలుగూ చూసుకోవాలి.

వంటగది వేడి. నేను బ్రిటన్‌లో చదువుకునేటప్పుడు వారానికి 20 గంటలు ఒక రెస్టారెంట్ వంటగదిలో గిన్నెలు కడిగాను. శనివారం రాత్రి ఎనిమిదింటికి ఆర్డర్ల ప్రింటర్ కొట్టుకునే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఒక కాగితం చించేలోపు ఇంకోటి బయటికి వచ్చేసేది. చెఫ్ దాన్ని స్టీలు పట్టీ కింద దూర్చి గట్టిగా చదివితే, పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లంతా విన్నామని తిరిగి అరవాలి. అరవకపోతే మళ్లీ చదివేవాడు, ఈసారి ఇంకా గట్టిగా. మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్‌లో, ముందస్తు ఆర్డర్ల ఆప్షన్ తెరిచి వదిలేసినందుకు ఆ ప్రింటర్ ఆగకుండా కాగితం కక్కుతూ ఉంటుంది. అందులో 18 నిమిషాలు ఒకే షాట్. చూస్తుంటే నా అరచేతులకు చెమట పట్టింది. ఆ టెన్షన్ కోసమే మీరు ఈ సిరీస్ చూస్తుంటే ఆ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది.

కథ కదలిక. ఎపిసోడ్ మొదట్లో ఉన్న పరిస్థితి చివరికి మారాలా? మారకపోతే మీకు విసుగొస్తుందా? చాలామందికి వస్తుంది, అందులో తప్పేం లేదు.

మనుషులు. కార్మీ తల్లి డోనా, అక్క నాటలీ, వంటగదిలో పెద్దామె టీనా, మిఠాయిలు చేసే మార్కస్. వీళ్ల గతం, వీళ్ల దెబ్బలు చూస్తూ కూర్చోవడం మీకు ఇష్టమేనా?

టైమ్, మనసు. రాత్రి పడుకునే ముందు అరగంట చూసి నిద్రపోదామనుకుంటే ఇందులో కొన్ని ఎపిసోడ్లు అస్సలు పనికిరావు. ఆత్మహత్య, తాగుడు, భయంతో ఊపిరాడకపోవడం, ఒకరి మీద ఒకరు అరుచుకోవడం ఎక్కువ. బూతులు ప్రతి నిమిషం ఉంటాయి. పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

## నాలుగు సీజన్లు పక్కపక్కన పెడితే

| | సీజన్ 1 (2022) | సీజన్ 2 (2023) | సీజన్ 3 (2024) | సీజన్ 4 (2025) |
|---|---|---|---|---|
| ఎపిసోడ్లు | 8 | 10 | 10 | 10 |
| మొత్తం సుమారుగా | 4 గంటలు | 6 గంటల పైన | 6 గంటలకు కొంచెం తక్కువ | 6 గంటల పైన |
| వంటగది వేడి | చాలా ఎక్కువ | చివర్లో ఎక్కువ | అక్కడక్కడ | తక్కువ |
| కథ కదలిక | వేగం | నిలకడగా ముందుకు | దాదాపు లేదు | నెమ్మదిగా ఉంది |
| మనుషుల లోతు | బాగుంది | చాలా బాగుంది | కొన్ని ఎపిసోడ్లలో అద్భుతం | చాలా బాగుంది |
| ముగింపు | తలుపు తెరిచినట్టు | గట్టిగా తగులుతుంది | సగంలో తెగుతుంది | ఒక నిర్ణయంతో ఆగుతుంది |
| వదిలేయలేని ఎపిసోడ్లు | 7 | 6, 7, 10 | 1, 6, 8 | 4, 7, 9, 10 |

ఈ పట్టికలో నా ఇష్టాయిష్టాలు ఉన్నాయి. నాలుగో సీజన్ నాలుగో ఎపిసోడ్ మీద నాతో ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉంటారు.

## మొదటి దారి: రెండో సీజన్‌తో ఆపేయడం

ఇది తప్పించుకునే దారి కాదు. రెండు సీజన్లు, 18 ఎపిసోడ్లు, 10 గంటల పైన చూస్తే ఒక పూర్తి కథ చేతికొస్తుంది. కొట్టు మూతపడి, గోడలు కూలగొట్టి, కొత్త రెస్టారెంట్ తెరుచుకుంటుంది. పనివాళ్లు ఒక్కొక్కరూ ఏదో ఒకటి నేర్చుకుని మారతారు. మార్కస్ కోపెన్‌హాగన్ వెళ్లి మిఠాయిలు నేర్చుకుని వస్తాడు. టీనా వంట కాలేజీకి వెళ్తుంది.

రిచీ మార్పయితే చెప్పక్కర్లేదు. నలభై దాటిన మనిషి, ఎవరికీ అక్కర్లేదనుకునేవాడు. అతన్ని వారం రోజులు ఒక పెద్ద రెస్టారెంట్‌కి పంపితే అక్కడ ఫోర్కులు తుడిచే పని ఇస్తారు. మొదటి రోజు అవమానంగా ఉంటుంది. తర్వాత ఒక రాత్రి, షికాగో డీప్ డిష్ పిజ్జా తినకుండానే ఊరు వదిలి వెళ్తున్నామని ఒక టేబుల్ వాళ్లు అనుకోవడం చెవిన పడుతుంది. రిచీ పరుగెత్తుకెళ్లి బయట ఆ పిజ్జా కొనుక్కొస్తాడు. చెఫ్ దాన్ని చిన్న గుండ్రని ముక్కగా కోసి, ఆ రెస్టారెంట్ తీరులో పళ్లెంలో అలంకరిస్తాడు. రిచీయే తీసుకెళ్లి వాళ్ల ముందు పెడతాడు. ఆ నిమిషంలో రిచీ నిలబడిన తీరు చూడండి. భుజాలు వేరుగా ఉంటాయి. రిచీగా చేసిన ఎబన్ మాస్-బాక్‌రాక్ ఒక్క మాట మాట్లాడకుండా అదంతా చెప్పేశాడు.

రెండో సీజన్ చివర్లో కార్మీ, బాగుచేయించడం వాయిదా వేస్తూ వచ్చిన ఫ్రిజ్ గదిలో తనే ఇరుక్కుపోతాడు. బయట మొదటి రాత్రి సర్వీసు నడుస్తుంటుంది, అతను లేకుండానే బాగా నడుస్తుంది. అక్కడ కథ ఆగిందనుకుంటే కార్మీ గురించి మీకు తెలియాల్సింది దాదాపు తెలిసిపోయినట్టే.

పోగొట్టుకునేది: డోనా. కార్మీ తల్లి కథ రెండో సీజన్‌లో పుండు దగ్గరే ఆగిపోతుంది. అది మానడం మొదలయ్యేది మూడు, నాలుగు సీజన్లలోనే. టీనా గతం కూడా తెలియకుండా పోతుంది.

వంటగది వేడి కోసం వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఈ దారే. తర్వాత వచ్చే సీజన్లలో ప్రింటర్ చప్పుడు చాలా తగ్గిపోతుంది. మీరు దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, తెర మీద జరుగుతున్న వేరే మంచి విషయాలు కూడా కనబడవు.

## రెండో దారి: అన్నీ వరుసగా చూడటం

2024 జూన్‌లో మూడో సీజన్ వచ్చినప్పుడు నేను రెండు రోజుల్లో చూశాను. చివరి ఎపిసోడ్ అయ్యాక తెర మీద ‘ఇంకా ఉంది’ అని పడింది. నిజంగా బాధేసింది. పది ఎపిసోడ్లు చూశాక అదా చెప్పేది అనిపించింది.

ఏం జరిగిందో విడమర్చి చెప్తాను. కార్మీ మిషెలిన్ స్టార్, అంటే రెస్టారెంట్లకు దక్కే పెద్ద గుర్తింపు, తెచ్చుకోవాలని కూర్చుని, తప్పనిసరి నియమాలంటూ ఒక జాబితా రాస్తాడు. మెనూ రోజూ మారాలంటాడు. దానివల్ల ఖర్చు పెరుగుతుంది, పనివాళ్లు అలిసిపోతారు. రిచీతో రెండో సీజన్ చివర్లో మొదలైన గొడవ ఈ సీజన్ చివరిదాకా అదే గొడవ. కార్మీతో కలిసి వంటగది నడిపే చెఫ్ సిడ్నీకి వాటా ఇస్తామన్న ఒప్పంద పత్రం ఆమె ఫోన్‌లోనే ఉంటుంది, సంతకం పెట్టదు, పెట్టననీ చెప్పదు. తను ప్రేమించిన క్లెయిర్‌కి కార్మీ ఫోన్ చేయాలి, చేయడు. మధ్యలో, ఆ కుటుంబానికి పాత స్నేహితులైన ఫాక్ సోదరుల హాస్యం అవసరానికి మించి సాగుతుంది. అందులోకి జాన్ సీనా కూడా వస్తాడు. చివరి ఎపిసోడ్‌లో థామస్ కెల్లర్, గ్రాంట్ అకాట్జ్ లాంటి నిజమైన చెఫ్‌లు బల్ల చుట్టూ కూర్చుని తమ పని గురించి మాట్లాడుకుంటారు. వంట రంగంలో ఉన్నవాళ్లకు అది పండగ. మిగతావాళ్లకు కథ మధ్యలో ఎవరిదో విందుకు వెళ్లినట్టుంటుంది.

కథ కదలలేదన్నవాళ్లు నిజమే చెప్పారు. నేను దాన్ని కాదనను. కానీ నాలుగో సీజన్ వచ్చాక ఈ రెండిటినీ కలిపి మళ్లీ చూశాను, అప్పుడు నా అభిప్రాయం మారింది. రెండిటి చిత్రీకరణలో కొంత భాగం వెంటవెంటనే చేశారు. కథ కూడా అలాగే అతుక్కుని ఉంటుంది. మూడోదాంట్లో మనుషులంతా ఇరుక్కుపోతారు, నాలుగోదాంట్లో ఒక్కొక్కరూ బయటపడతారు. మధ్యలో ఏడాది ఎదురుచూసినవాళ్లం మేము ఆ ఇరుకులోనే వదిలేయబడ్డాం. మీకు ఆ ఎదురుచూపు లేదు. అది మీకు పెద్ద లాభం.

ఒక ఉదాహరణ చెప్తాను. మూడో సీజన్ చివరి ఎపిసోడ్ మొదట్లో, కుర్రాడిగా ఉన్న కార్మీకి థామస్ కెల్లర్ ఒక కోడిని ఎలా కట్టాలో చూపిస్తాడు. దారం ఎక్కడి నుంచి తిప్పాలి, కాళ్లు ఎలా దగ్గరికి లాగాలి, ఎందుకు. నెమ్మదిగా, తొందర లేకుండా. 2024లో చూసినప్పుడు, పెద్ద చెఫ్‌ను చూపించడానికే ఈ సన్నివేశం పెట్టారనుకున్నాను. నాలుగో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో కార్మీ ఎన్నో ఏళ్ల తర్వాత తల్లి ఇంటికి వెళ్లి ఆమెకు కోడి వండిపెడతాడు. అప్పుడు ఆ పాత సన్నివేశం ఎందుకుందో అర్థమైంది. రెండూ ఒకే వారంలో చూస్తే ఆ దారం మీ చేతికే అందుతుంది.

ఇక టైమ్ లెక్క: మూడు, నాలుగు కలిపి 12 గంటలు. రోజుకు రెండు ఎపిసోడ్లయితే పది రోజులు. ఈ దారిలో వెళ్తే మూడోది అయ్యాక ఒక్క రోజు కూడా ఆగొద్దు. వెంటనే నాలుగోది పెట్టేయండి.

ఇది ఎవరికి సరిపోతుంది? నెమ్మదిగా నడిచే కథలు ఇష్టపడేవాళ్లకు, కెమెరా పని, పాటల ఎంపిక గమనిస్తూ చూసేవాళ్లకు, వంట వృత్తిగా ఉన్నవాళ్లకు. మూడో సీజన్ మొదటి ఎపిసోడ్ దాదాపు మాటలు లేకుండానే సాగుతుంది. ఒకే సంగీతం మీద కార్మీ గతం, వర్తమానం కలగలిసి వస్తాయి. బఠానీ గింజలు ఒలవడం, సాస్ వేయడం, చెఫ్ చెవి దగ్గర గొణిగే తిట్టు, అన్న చావు కబురు. అది మీకు నచ్చితే ఈ దారి మీదే. నచ్చకపోతే కిందిది చూడండి.

## మూడో దారి: మూడోదాంట్లో ఏరుకుని, నాలుగోది మొత్తం

మా చెల్లికి నేను చివరికి చెప్పింది ఇదే. నాలాంటివాళ్లు ఎక్కువమందికి చెప్పగలిగిన దారి కూడా ఇదేననుకుంటాను.

మూడో సీజన్‌లో 1, 3, 6, 8, 10 చూడండి. అయిదు ఎపిసోడ్లు. మొదటిది నచ్చకపోతే సగంలో ఆపేసి మూడోదానికి వెళ్లండి. మూడోదాంట్లో ఒక నెల రోజుల సర్వీసు పరుగులు పెడుతూ వస్తుంది. వంటగది వేడి ఈ సీజన్‌లో నిజంగా ఉన్నది అక్కడే.

ఆరో ఎపిసోడ్ ‘నాప్‌కిన్స్’ టీనాది. సిడ్నీగా నటించే అయో ఎడెబిరీయే దీనికి దర్శకురాలు. టీనా ఏళ్ల తరబడి చేసిన ఆఫీసు ఉద్యోగం పోతుంది. వయసు మీద పడుతోంది, అద్దె పెరుగుతోంది. రెజ్యూమె కాగితాలు పట్టుకుని మెట్లెక్కి దిగుతుంది. ప్రతిచోటా తనకంటే సగం వయసున్నవాళ్లు “ఆన్‌లైన్‌లో పెట్టండి” అంటారు. ఒకరోజు బస్సు తప్పిపోయి, కాఫీ తాగుదామని ఆ బీఫ్ కొట్టులోకి అడుగుపెడుతుంది. కౌంటర్ దగ్గర కుర్రాళ్లు గోల గోలగా ఉంటారు, కాఫీకి డబ్బులు తీసుకోరు, ఒక శాండ్‌విచ్ కూడా చేతిలో పెడతారు. ఆమె ఒక మూల కూర్చుని ఒక్క ముద్ద తిని ఏడుపు ఆపుకోలేకపోతుంది. అప్పుడు మైకీ వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. చనిపోయాడని మనకు తెలిసిన మనిషి, బతికుండగా ఎంత మంచివాడో ఆ పది నిమిషాల్లో తెలుస్తుంది. టీనాగా చేసిన లైజా కొలోన్-జయాస్‌కు అంతకుముందు సీజన్‌కే ఎమ్మీ ఇచ్చారు. నన్నడిగితే ఈ ఎపిసోడ్‌కి ఇంకోటి ఇవ్వాలి. ఆమె భర్త పాత్రలో కనిపించేది నిజ జీవితంలోనూ ఆమె భర్తే.

ఉద్యోగం పోయినవాళ్లు, ఇంట్లో నలభై యాభైల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు ఉన్నవాళ్లు ఈ ఎపిసోడ్ తప్పకుండా చూడండి. ఇది చూడటానికి ముందు కథ పెద్దగా తెలియాల్సిన పని కూడా లేదు.

ఎనిమిదోది ‘ఐస్ చిప్స్’. నాటలీకి పురిటి నొప్పులు మొదలవుతాయి. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తరు. చివరికి తను ఎవరినైతే రానివ్వకూడదనుకుందో ఆ తల్లికే ఫోన్ చేయాల్సొస్తుంది. ఆసుపత్రి గదిలో ఇద్దరే. డోనాగా చేసిన జేమీ లీ కర్టిస్ మొదట ఎంత చిరాకు తెప్పిస్తుందో, అరగంటలో అంత దగ్గరికి వస్తుంది.

పదోది చూడాల్సింది ఆ కోడి సన్నివేశం కోసం, కార్మీ తనను చిన్నబుచ్చిన పాత చెఫ్‌కు ఎదురుపడే సన్నివేశం కోసం. మధ్యలో చెఫ్‌ల సంభాషణలు మీకు పట్టకపోతే కొంచెం ముందుకు జరపండి.

వదిలేసిన అయిదిట్లో మీరు తెలుసుకోవాల్సినవి మూడే. కార్మీ తన నియమాల జాబితా పెట్టి మెనూ రోజూ మారుస్తున్నాడు. పెట్టుబడి పెట్టిన అంకుల్ జిమ్మీ చేతిలో డబ్బు బిగుసుకుంది. సిడ్నీకి ఇంకో చెఫ్ కొత్త రెస్టారెంట్‌లో చోటు ఇస్తానన్నాడు. ఈ మూడూ గుర్తుంటే నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచే అర్థమవుతుంది.

నాలుగో సీజన్‌లో మాత్రం ఏదీ వదలొద్దు. మొదట్లోనే అంకుల్ జిమ్మీ వంటగదిలో ఒక గడియారం పెట్టిస్తాడు. 1,440 గంటలు, అంటే సరిగ్గా రెండు నెలలు. అవి అయ్యేసరికి డబ్బు అయిపోతుంది, రెస్టారెంట్ తన కాళ్ల మీద నిలబడాలి. కథకు ఒక గడువు దొరకడంతో మూడోదాంట్లో లేని పట్టు వస్తుంది. టీనా ఒక పాస్తాను మూడు నిమిషాల్లో చేయాలని రోజూ గడియారం పెట్టుకుని ప్రయత్నిస్తుంది. చిన్న విషయం. కానీ వంటగదిలో పనిచేసినవాడిగా చెప్తున్నాను, మనిషి పనిలో ఎలా మెరుగవుతాడో ఇంత నిజంగా చూపించడం అరుదు. ఆమె చేతులు మొదటి ఎపిసోడ్లలో ఎలా తడబడతాయో, చివరికి ఎలా కదులుతాయో పోల్చి చూడండి.

నాలుగో ఎపిసోడ్‌లో సిడ్నీ జడలు వేయించుకోవడానికి బంధువు ఇంటికి వెళ్తుంది. సగం జడలతోనే ఆ ఇంటి చిన్నపిల్లతో రోజంతా గడుపుతుంది. రెస్టారెంట్ ఊసే తక్కువ. ఎడెబిరీ, మార్కస్‌గా చేసే లయొనల్ బోయ్స్ కలిసి రాశారు. కొందరికి ఇది అనవసరం అనిపించింది. నాకైతే సిడ్నీ ఎందుకు నిర్ణయం తీసుకోలేకపోతోందో అర్థమైంది ఆ ఎపిసోడ్‌లోనే.

ఏడోది పెళ్లి ఎపిసోడ్, గంట దాటుతుంది. రిచీ మాజీ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. రిచీ కూతురు బల్ల కింద దూరి బయటికి రానంటుంది. ఆ పాపను ఒప్పించడానికి పెద్దవాళ్లు ఒక్కొక్కరే ఆ బల్ల కిందికి చేరి, తమకు దేనికి భయమో చెప్తారు. రెండో సీజన్‌లో క్రిస్మస్ విందు ఎపిసోడ్ చూసినప్పుడు కలిగిన గుండెదడకు ఇది సమాధానంలా ఉంటుంది. అదే కుటుంబం, అంతే గోల, కానీ ఈసారి ఎవరూ ఫోర్కులు విసరరు.

పోగొట్టుకునేది: అయిదు ఎపిసోడ్లు వదిలేస్తే కార్మీ ఎంత మొండిగా, ఎన్ని రోజులు ఇరుక్కుపోయాడో మీకు అంత బరువుగా తెలియదు. అందువల్ల నాలుగో సీజన్‌లో అతను చెప్పే క్షమాపణలు కొంచెం తేలిగ్గా అనిపించొచ్చు.

## నాలుగో దారి: మూడోది పూర్తిగా వదిలేసి నేరుగా నాలుగోది

దీన్ని నేను ఎవరికీ గట్టిగా చెప్పను. కథ పరంగా ఇబ్బంది లేదు, పైన చెప్పిన మూడు విషయాలు తెలిస్తే చాలు. కానీ తల్లికి, కూతురికి మధ్య ‘ఐస్ చిప్స్’లో జరిగింది చూడకుండా నాలుగో సీజన్‌లో డోనాను చూస్తే, ఆమె మారిందన్న మాట నమ్మకం కలగదు. ఒక్క ఎనిమిదో ఎపిసోడ్ అయినా చూసి వెళ్లండి, 40 నిమిషాల పని.

## అయితే ఎవరు ఏ దారిన వెళ్లాలి?

రోజంతా టెన్షన్‌తో పనిచేసి ఇంటికొచ్చేవాళ్లు మూడో దారిలో వెళ్లండి. కానీ మొదటి సీజన్ మళ్లీ చూసే పని పెట్టుకోవద్దు. నాలుగోది మిగతావాటికంటే మెత్తగా ఉంటుంది, రాత్రిపూట కూడా చూడొచ్చు.

కథ పరుగెత్తాలి అనుకునేవాళ్లు రెండో సీజన్‌తో ఆపండి. మనసు ఒప్పకపోతే ‘నాప్‌కిన్స్’ ఒక్కటి చూసి ఆపండి.

హోటల్లోనో, క్లౌడ్ కిచెన్‌లోనో పనిచేసేవాళ్లు, చదువుకుంటూ విదేశాల్లో వంటగదుల్లో పార్ట్‌టైం చేసిన మనవాళ్లు అన్నీ చూడండి. మూడో సీజన్‌లో ఇతరులకు విసుగు పుట్టించినవి, రోజూ మారే మెనూ, వెన్న ఖర్చు మీద గొడవ, పళ్లెంలో ఒక్క ఆకు ఎక్కడ పెట్టాలన్న తర్జనభర్జన, మీకు విసుగనిపించవు. మీరు బతికిన రోజులవి.

ఇంట్లో ఎవరినైనా ఆత్మహత్యలోనో, తాగుడుతోనో పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఒంటరిగా, రాత్రి ఆలస్యంగా చూడొద్దు. రెండో సీజన్ ఆరో ఎపిసోడ్, నాలుగో సీజన్ తొమ్మిదో ఎపిసోడ్ బాగా కదిలిస్తాయి. పక్కన ఎవరైనా ఉన్నప్పుడు చూడండి.

ఇంకో చిన్న మాట. వీళ్లంతా ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, వంటగది పదాలు గబగబా దొర్లిపోతాయి. ఇంగ్లిష్ బాగా వచ్చినా సరే, కింద అక్షరాలు పెట్టుకునే చూడండి. మొదటిసారి అవి లేకుండా చూసి నేను సగం మాటలు పోగొట్టుకున్నాను.

మొన్న ఆదివారం మా చెల్లి ‘నాప్‌కిన్స్’ చూసి ఫోన్ చేసింది. గొంతు మామూలుగా లేదు. తర్వాత ఏది చూడాలని అడిగింది. ఎనిమిదోది, వీలైతే అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు చూడు అన్నాను. “అమ్మకు ఆ ఇంగ్లిష్ ఏం అర్థమవుతుంది అన్నయ్యా?” అంది. పురిటి గది, నొప్పులు పడుతున్న కూతురు, పక్కన కూర్చుని చెయ్యి వదలని తల్లి. అమ్మకు అర్థమవుతుందిలే అన్నాను.